బొగ్గుట్ట గురించి హైదరాబాద్‌లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఇల్లందు. నాన్న రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, ఇప్పుడు నాగోలులో ఉంటున్నాం. తాత బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గు ఎత్తి నింపే ఫిల్లర్, నాన్న అదే బాయిలో బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే హాలర్ ఆపరేటర్. ఆఫీసులోనైనా, అపార్ట్‌మెంట్‌లోనైనా ఊరి పేరు చెప్పగానే వరుసగా అవే ప్రశ్నలు వస్తాయి. చాలామందికి సింగరేణి బొగ్గు గనులంటే కొత్తగూడెం, లేదంటే గోదావరిఖని. అసలు మొదలైన చోటు గురించి మన రాష్ట్రంలోనే ఇంత తక్కువ మందికి తెలియడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఇన్నేళ్లుగా నన్ను అడిగినవన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

బొగ్గుట్ట అంటే ఏ ఊరు?

ఇల్లందే. చుట్టుపక్కల పల్లెల పెద్దవాళ్లు ఇప్పటికీ "బొగ్గుట్టకు పోయొస్తా" అంటారు కానీ ఇల్లందు అనరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది, 2016 అక్టోబర్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.

ఇల్లందా, ఇల్లెందా, ఎల్లందా? ఏది రాయాలి?

మూడూ కనిపిస్తాయి. ఇల్లెందులపాడు అనే పాత పల్లె పేరులోంచి వచ్చిందిది, ఆ పేరుతో చెరువు కూడా ఉంది. ఇంగ్లిష్ కాగితాల్లో దొరలు తమ నోటికి వచ్చినట్టు రాసుకున్నారు, ఆ స్పెల్లింగ్ చూసి మనవాళ్లు మళ్లీ తెలుగులో 'ఎల్లందు' అని రాశారు. నేను ఇల్లందు అనే రాస్తాను, మా ఇంట్లో అలాగే అంటారు కాబట్టి.

బొగ్గు ఎవరు కనిపెట్టారు? పొయ్యి రాళ్లు మండాయన్న కథ నిజమేనా?

కాగితాల ప్రకారం 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని గుర్తించారు, మరుసటి ఏడాది సర్వే పత్రికలో దాని గురించి రాశారు. ఇక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు, ఇప్పటికీ మైనింగ్ వాళ్లు కింగ్ సీమ్ అంటారు.

మా ఊళ్లో చెప్పుకునే కథ వేరు. భద్రాచలం రాముడి దర్శనానికి నడిచిపోతున్న యాత్రికులు దారిలో వంటకు ఆగారట, దొరికిన నల్లరాళ్లు మూడు పెట్టి పొయ్యి వెలిగిస్తే కట్టెలతో పాటు ఆ రాళ్లూ అంటుకున్నాయట, భయపడి వంట కూడా వదిలేసి పోయారట. నేను చిన్నప్పుడు ఈ కథను తాత దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పేర్లూ తేదీలూ లేని కథ కాబట్టి దీన్ని చరిత్ర అని చెప్పలేను, కానీ జరగడానికి వీల్లేని కథ మాత్రం కాదు. ఇక్కడ బొగ్గు పొర కొన్ని చోట్ల నేల పైకే తేలి ఉండేది, వాగు కోసిన గట్టు మీద నల్లటి చార కనిపించేది. అలాంటి చోట రాళ్లు ఏరుకుంటే అందులో బొగ్గు పెళ్లలు వస్తాయి, అవి మండుతాయి. అసలు తెలుగులో గని బొగ్గుకు రాక్షసి బొగ్గు అనే మాట ఉంది కదా, అది విన్నప్పుడల్లా నాకు ఆ యాత్రికుల భయమే గుర్తొస్తుంది.

ఇంకో మాట. కింగ్ వచ్చేదాకా ఆ బొగ్గు ఎవరికీ తెలియదు అనుకోవద్దు. ఆ అడవుల్లో ఎప్పటి నుంచో ఉంటున్న కోయలకు తమ కాళ్ల కింద నల్లరాయి ఉందని తెలియకుండా ఎలా ఉంటుంది? దాని విలువ రాసిపెట్టి కంపెనీకి చెప్పినవాడి పేరు మిగిలింది, అంతే.

ఇల్లందులో బొగ్గు దొరికితే కంపెనీకి సింగరేణి అని పేరెందుకు?

అన్నింటికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిన ప్రశ్న కూడా.

సింగరేణి అనేది ఒక ఊరి పేరు. ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలం ఉంది, దాని కేంద్రం కారేపల్లి. డోర్నకల్ వైపు నుంచి ఇల్లందు పోయే రైలు మార్గం కారేపల్లి మీదుగానే పోతుంది. మొదట్లో సర్వే చేసినవాళ్లు ఈ ప్రాంతం మొత్తాన్ని సింగరేణి కోల్‌ఫీల్డ్ అని రాసుకున్నారు. పేరు ఒకసారి నివేదికలోకి ఎక్కితే ఇక దిగదు కదా. గనులకు అదే పేరు, ఇల్లందులో కట్టిన రైల్వే స్టేషన్‌కు సింగరేణి కాలరీస్ అని అదే పేరు, చివరికి 1920 డిసెంబర్ 23న రిజిస్టరైన కంపెనీకీ అదే పేరు. ఆ తేదీనే ఇప్పుడు ఏటా సింగరేణి డేగా జరుపుతున్నారు.

దీని ఫలితం చూడండి. మొదటి బాయిలు తవ్వింది బొగ్గుట్టలో, మొదటి కార్మికుడు దిగింది బొగ్గుట్టలో, పేరు మాత్రం పక్క ఊరిది. పేరు ఇచ్చిన ఆ పల్లెకేమో బొగ్గు పట్టణం అనిపించుకునే భాగ్యం దక్కలేదు, ఒక మామూలు వ్యవసాయ పల్లెగానే ఉండిపోయింది. రెండు ఊళ్లకూ జరిగిన అన్యాయం ఒకటే అనిపిస్తుంది నాకు. హైదరాబాద్‌లో అయితే సింగరేణి అంటే సైదాబాద్ దగ్గరి సింగరేణి కాలనీ అనుకునేవాళ్లే ఎక్కువ, ఆటో ఎక్కి పేరు చెబితే అక్కడికే తీసుకెళ్తారు.

తవ్వకం మొదలుపెట్టింది నిజామా, ఇంగ్లిష్ వాళ్లా?

భూమి నిజాంది, హక్కులు పొందింది లండన్‌లో పుట్టిన కంపెనీ. పేరు హైదరాబాద్ (దక్కన్) కంపెనీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో దానికి గనుల హక్కులు దక్కాయి, అది కూడా 99 ఏళ్లకు. ఇల్లందులో బొగ్గు తీయడం 1889లో మొదలైంది.

ఈ హక్కుల వెనక పెద్ద కుంభకోణమే ఉంది. మన బడి పుస్తకాల్లో దీని గురించి ఒక్క పేరా కూడా చదివినట్టు నాకు గుర్తులేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హక్కులు పొందినవాళ్లు వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు. నిజాం ప్రభుత్వం తరఫున బేరం నడిపింది అబ్దుల్ హక్, సర్దార్ దిలేర్ జంగ్ అనే బిరుదున్న పెద్ద అధికారి. కంపెనీ పెట్టి, దాని షేర్లలో ఎక్కువ భాగం ఆ హక్కుదారులకే దాదాపు ఊరికే రాసేశారు. అందులో అబ్దుల్ హక్‌కు రహస్యంగా వాటా ఉంది. అదే మనిషి నిజాం ప్రభుత్వం చేత ఆ కంపెనీ షేర్లను ఎక్కువ ధరకు కొనిపించాడు. అంటే ప్రభుత్వం తన భూమిలోని బొగ్గు హక్కు ఇచ్చేసి, తిరిగి డబ్బు పెట్టి దాంట్లోనే వాటా కొనుక్కుంది! విషయం బయటపడి 1888లో ఏకంగా బ్రిటిష్ పార్లమెంటు హౌస్ ఆఫ్ కామన్స్ కమిటీ వేసి విచారణ జరిపింది, అబ్దుల్ హక్ పదవి పోయింది. ఒప్పందం మాత్రం పోలేదు, తవ్వకం ఆగలేదు.

కంపెనీకి హక్కులు దక్కడానికి మూడేళ్ల ముందు జరిగింది కూడా తెలుసుకోవాలి. 1883లో చాందా రైల్వే పథకం గురించి హైదరాబాద్‌లో పెద్ద గొడవ నడిచింది. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్, అదీ బొగ్గు ప్రాంతమే. ఆ రైలు పథకం వివరాలు ప్రజల ముందు పెట్టండి, దీనివల్ల లాభం ఎవరికో చెప్పండి అని అడిగినవాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ముఖ్యుడు. నిజాం కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్, సరోజినీ నాయుడు తండ్రి. అడిగినందుకు ఆయన్ని హైదరాబాద్ రాజ్యం నుంచే బయటికి పంపేశారు, తర్వాత ఎప్పటికో తిరిగి రానిచ్చారు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఆయన ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఇప్పటికీ ఉంది. నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఆ గేటు వైపు ఒకసారి చూస్తాను. ఈ నగరంలో జనం ప్రభుత్వాన్ని లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఒకటి బొగ్గుతో, రైలుతో ముడిపడినదే.

మరి ప్రభుత్వ కంపెనీ ఎప్పుడైంది?

1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి పాత లండన్ కంపెనీ ఆస్తులూ అప్పులూ తీసుకుంది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం ఎక్కువ షేర్లు కొన్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు ఆ వాటా కొత్త రాష్ట్రానికి వచ్చింది, అప్పటి నుంచి ప్రభుత్వ కంపెనీ. ఇప్పుడు తెలంగాణది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. దేశంలో మిగతా బొగ్గు గనుల జాతీయీకరణ 1971-73 మధ్య జరిగింది, అప్పటికే మనది సర్కారు చేతిలో ఉంది.

రైలు ఎలా వచ్చింది?

బొగ్గు కోసమే వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది, తర్వాత వరంగల్ వైపు పొడిగించారు, 1889కల్లా బెజవాడ చేరింది. మధ్యలో డోర్నకల్ దగ్గర చీల్చి ఇల్లందుకు ఒక పాయ వేశారు. ఊరికి సరైన రోడ్డు రాకముందే రైలు వచ్చింది. బొగ్గు బరువైన సరుకు, ఎడ్లబండ్ల మీద అడవిలోంచి వందల మైళ్లు తోలితే కూలీ ఖర్చే బొగ్గు ధరను మించిపోతుంది. 1871లో కనిపించిన బొగ్గు పద్దెనిమిదేళ్ల దాకా బయటికి రాకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

రైలు రాగానే ఊరు ఎంత వేగంగా పెరిగిందంటే, అడవి మధ్యలో ఉన్న ఒక పల్లె 1901 నాటికే పది వేల జనం దాటిన పట్టణమైంది.

హైదరాబాద్‌కు బొగ్గుట్టతో ఏం సంబంధం?

ఎన్టీఆర్ గార్డెన్స్‌కు, ప్రసాద్స్‌కు సినిమాకు వెళ్లే ఉంటారు కదా. ఆ ప్రాంతంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒకప్పుడు థర్మల్ పవర్ స్టేషన్ ఉండేది. 1920లో మొదలైంది, సింగరేణి కంపెనీ రిజిస్టరైన ఏడాదే. పెరుగుతూ పెరుగుతూ 22.5 మెగావాట్లకు చేరింది. ఇప్పుడు వింటే చిన్న లెక్కే, అప్పట్లో నగరం వీధి దీపాలకు అదే ఆధారం. అక్కడ మండింది సింగరేణి బొగ్గు, చల్లార్చింది సాగర్ నీళ్లు. 1995లో కూల్చేశారు. ఒక గోడో, ఒక చిమ్నీయో గుర్తుగా ఉంచి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

నిజాం రైలు ఇంజన్లకు, మిల్లులకు కూడా ఈ బొగ్గే. ఇవాళ కంపెనీకి నగరంలో ఉన్న ఆఫీసు రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్. నాన్నను తీసుకుని ఏదో కాగితం పని మీద ఒకసారి ఆ దారిన వెళ్తే, బయట బోర్డు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ముప్పై మూడేళ్లు పనిచేసిన మనిషి ఆ భవనాన్ని చూడటం అదే మొదటిసారి.

మొదట బాయిలోకి దిగినవాళ్లు ఎవరు?

స్థానికులు అంత తేలిగ్గా దిగలేదు. చీకట్లో, భూమి కడుపులోకి పోయి పనిచేయడం అంటే ఎవరికైనా భయమే. అందుకే తొలి రోజుల్లో గని పని తెలిసినవాళ్లను ఉత్తరాది నుంచి తీసుకొచ్చారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పటికీ బొగ్గుట్టలో ఉన్నారు, ఇంట్లో హిందీ, బయట తెలుగు, రెండూ మన యాసలోనే. తర్వాత కరువు తరిమిన పల్లెల నుంచి, దొరల వెట్టి నుంచి తప్పించుకుని నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపు వాళ్లు వచ్చారు. కోస్తా నుంచీ వచ్చారు. మా తాత తండ్రి కూడా అలా వచ్చినవాడే. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన మనిషి ఇక్కడ చెప్పులు వేసుకుని తిరిగాడని మా ఇంట్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. బాయి ప్రాణం తీయొచ్చు, కానీ నెల తిరిగేసరికి చేతిలో జీతం పెట్టేది.

బాయిలో పని ఎలా ఉండేది?

మేం గని అనం, బాయి అంటాం. "బాయికి పోయిండు", "బాయి మీద ఉన్నడు" అంటారు. లోపలికి దిగడం రెండు రకాలు, నిలువుగా దిగేది పిట్, ఏటవాలుగా నడిచి దిగేది ఇంక్లైన్. బొగ్గుట్టలో బస్తీల పేర్లే దీనికి సాక్ష్యం: 21 పిట్, 24 ఏరియా, స్ట్రట్‌ఫిట్ బస్తీ, నంబర్ టూ బస్తీ. స్ట్రట్‌ఫిట్ ఏమిటో అనుకునేవాణ్ని, స్ట్రెయిట్ పిట్ జనం నోట్లో అలా అయిందని మా నాన్న చెప్పారు.

షిఫ్టు మొదలవడానికి ముందు సైరన్. ముస్టరు గదిలో పేరు చెప్పి, లాంప్ రూమ్‌లో ఇత్తడి బిళ్ల ఇచ్చి క్యాప్ ల్యాంపు తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక దీపం తిరిగిచ్చి బిళ్ల తీసుకోవాలి. ఒక బిళ్ల అక్కడే మిగిలిపోయిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఇంతకంటే సులువైన, ఇంతకంటే భయం పుట్టించే హాజరు పద్ధతి నాకు తెలియదు.

లోపల బొగ్గు మొత్తాన్ని ఒకేసారి తీసేయరు. కప్పు కూలకుండా పెద్ద పెద్ద చదరపు స్తంభాలు బొగ్గుతోనే వదిలేసి, వాటి మధ్య సందుల్లాగా తవ్వుకుంటూ పోతారు, దాన్నే బోర్డ్ అండ్ పిల్లర్ అంటారు. పైనుంచి చూస్తే వీధులూ ఇళ్లూ ఉన్న ఊరి నక్షాలా ఉంటుంది. మందు పెట్టి పేల్చడం షాట్‌ఫైరర్ పని. పొగ పోయాక మైనింగ్ సర్దార్ లోపలికి పోయి కర్రతో కప్పును తట్టి చూస్తాడు. గట్టిగా ఖంగుమంటే మంచిదే, డొల్లగా పలికితే ఆ బండ ఊడబోతుందని లెక్క. టింబర్‌మన్ వచ్చి దిమ్మెలు నిలబెడతాడు. ఆ తర్వాతే ఫిల్లర్లు దిగాలి.

ఫిల్లర్ చేతిలో ఉండేది తట్టా చెమ్మస్. చెమ్మస్ అంటే వెడల్పాటి పార. బొగ్గు తట్టలోకి ఎత్తి, తట్ట నెత్తికెత్తుకుని, టబ్బులో, అంటే పట్టాల మీద నడిచే తొట్టిలో, పోయాలి. ఒక్కో టబ్బు దాదాపు టన్ను పడుతుంది. ఉక్క, చెమట, నల్ల దుమ్ము, కొన్ని చోట్ల మోకాళ్ల దాకా నీళ్లు. నిండిన టబ్బులను ట్రామర్లు నెడతారు, హాలర్ తాడు వాటిని పైకి లాగుతుంది. మా నాన్న ఆ హాలర్ దగ్గర పనిచేసేవారు, గంట ఎన్నిసార్లు మోగితే ఏం చేయాలో నిద్రలో అడిగినా చెప్పేవారు. తర్వాత తర్వాత ఎస్‌డీఎల్ అనే లోడింగ్ యంత్రాలు వచ్చాయి, తట్టా చెమ్మస్ మూలకు పోయింది.

తాత మా దగ్గర నాగోలులో చివరి రెండేళ్లు ఉన్నారు. తెల్లారకముందే లేచి కూర్చునేవారు. "ఏంది తాతా, ఇంకా చీకటే కదా" అంటే "ఫస్టు షిఫ్టు సైరన్ అయింది బిడ్డా" అనేవారు. ఆ చుట్టుపక్కల సైరన్ ఎక్కడిది? దగ్గు మాత్రం ఉండేది, రాత్రంతా.

ఆడవాళ్లు కూడా బాయిలోకి దిగేవారా?

తొలి తరంలో దేశమంతా బొగ్గు గనుల్లో మొగుడూ పెళ్లాం జంటగా పనిచేసేవారు, అతను కొడితే ఆమె మోసేది. తర్వాత భూగర్భంలో ఆడవాళ్ల పనిని క్రమంగా తగ్గిస్తూ వచ్చారు, 1952 గనుల చట్టం పూర్తిగా నిషేధించింది. 2019లో కేంద్రం మళ్లీ అనుమతించింది. మధ్యలో ఆ అరవై ఏడేళ్లూ ఆడవాళ్లు బాయికి దూరంగా ఏమీ లేరు. మూడు షిఫ్టులకు మూడు వేళల్లో వండటం, బొగ్గు మసి బట్టలు ఉతకడం, రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకోవాలని పిల్లల్ని బయటికి తోలి గప్‌చుప్‌గా ఇల్లు నడపడం, అన్నిటికంటే ముందు షిఫ్టు టైమ్ దాటి పది నిమిషాలైతే వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూడటం. మా నానమ్మ ఆ టెన్షన్ ఎన్ని వేల రోజులు పడిందో! ముస్టరు పుస్తకంలో ఆమె పేరు లేదు.

హెడ్డాఫీసు కొత్తగూడేనికి ఎందుకు పోయింది?

బొగ్గు తగ్గింది కాబట్టి. అర్ధ శతాబ్దం తవ్వాక ఇల్లందులో పైపైన తేలిగ్గా దొరికే మంచి బొగ్గు అయిపోతూ వచ్చింది. అప్పటికే 1920ల చివర్లో ఉత్తరాన బెల్లంపల్లి వైపు తవ్వకం మొదలైంది, 1937లో కొత్తగూడెంలో మొదలైంది. అక్కడి నిల్వలు పెద్దవి, కాబట్టి కార్యాలయం, ఆస్పత్రి, దొరల బంగళాలు అన్నీ అటు పోయాయి. ఆ తర్వాత 1960ల్లో గోదావరిఖని. ప్రాణహిత–గోదావరి లోయ పొడవునా 350 కిలోమీటర్ల మేర ఈ బొగ్గు ఉంది, కంపెనీ ఆ దారినే ఒక్కో అడుగు వేసుకుంటూ పోయింది. బొగ్గుట్టలో తర్వాత కూడా బాయిలు తెరిచారు, ఊరు చచ్చిపోలేదు. కానీ పెద్దకొడుకు ఇంటి నుంచి పెత్తనం తమ్ముడి ఇంటికి మారినట్టయింది.

ఒక లెక్క చెబుతాను. మొదటి ఏడాది 1889లో మొత్తం కలిపి తీసింది దాదాపు 60 వేల టన్నులు. 2023–24లో కంపెనీ తీసింది 7 కోట్ల టన్నులు. అంటే అప్పుడు బొగ్గుట్టలో ఏడాదంతా చేత్తో తవ్వి మోసినంత బొగ్గు ఇప్పుడు కంపెనీ మొత్తం మీద సుమారు ఒక్క షిఫ్టులో వస్తోంది.

తెలంగాణ ఉద్యమంలో సింగరేణి పాత్ర ఏమిటి?

2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 రోజులు బాయి దిగలేదు. కరెంటు కోతలతో ఆ వేడి హైదరాబాద్‌కు కూడా తగిలింది. ఆ నెల మా ఇంట్లో జీతం లేదు, దసరాకు కొత్త బట్టలు లేవు, నాన్న మాత్రం బతుకమ్మ ఆటకు అందరికంటే ముందు పోయి నిలబడ్డారు. ఇంకా రాయొచ్చు, కానీ ఇది చాలామంది రాసిన విషయం.

ఇప్పుడు బొగ్గుట్టలో అండర్‌గ్రౌండ్ బాయిలు ఉన్నాయా?

ఇల్లందు ఏరియాలో ఇప్పుడు బొగ్గు ప్రధానంగా ఓసీల నుంచే, అంటే ఓపెన్ కాస్టు గనుల నుంచే వస్తోంది. ఊరి పక్కన జేకే-5, టేకులపల్లి వైపు కోయగూడెం ఇక్కడ తెరిచిన ఓసీలు. ఓసీలో మనిషి భూమిలోకి దిగడు, భూమినే పైనుంచి తెరుస్తారు. ప్రాణ నష్టం తక్కువ, ఖర్చు తక్కువ, బొగ్గు ఎక్కువ. నేను దాన్ని కాదనను, మా తాతలాంటి మనిషి తట్ట మోయాల్సిన పని లేకపోవడం మంచిదే. కానీ ఓసీకి కావాల్సింది భూమి. పొలాలు, చెట్లు, కొన్నిచోట్ల గూడేలకు గూడేలే పోతాయి. బ్లాస్టింగ్ జరిగితే ఇంటి గోడలు అదురుతాయి, దుమ్ము అన్నం గిన్నె దాకా వస్తుంది. పైగా వంద మంది చేసే పని నాలుగు యంత్రాలు చేస్తాయి కాబట్టి ఉద్యోగాలు తగ్గాయి. భూమి ఇచ్చిన ఇంటి పిల్లాడు కాంట్రాక్టు పనికి పోతున్నాడు. ఈ లెక్క నాకు న్యాయంగా అనిపించదు.

పాత బాయిలు చూడొచ్చా? ఎలా వెళ్లాలి?

ఎంజీబీఎస్ నుంచి బస్సులో వెళ్లొచ్చు. రైలైతే మహబూబాబాద్‌లోనో, డోర్నకల్‌లోనో, ఖమ్మంలోనో దిగి బస్సు ఎక్కడం సులువు. వెళ్తే ఓబీ గుట్టలు కనిపిస్తాయి, ఓసీలో తీసి పోసిన మట్టి అది, కొత్తవాళ్లు కొండలనుకుంటారు. పాత క్వార్టర్ల వరుసలు, రైలు పట్టాలు కనిపిస్తాయి. ఇల్లెందులపాడు చెరువు గట్టు మీద సాయంత్రం కూర్చోండి, అక్కడ పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, బాయి సంగతి అడిగితే చీకటి పడేదాకా చెబుతారు.

మూసేసిన బాయిల దగ్గరికి మాత్రం వెళ్లకండి. లోపల నీళ్లు నిండి ఉంటాయి, గాలి ఉండదు, పైన గట్టిగా కనిపించే నేల కింద బోలుగా ఉండొచ్చు. వీడియో తీద్దామని కంచె దాటే పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

మా తాత కూడా అక్కడ పనిచేశారు. వివరాలు ఎలా దొరుకుతాయి?

ముందు ఇల్లు వెతకండి. పాత ట్రంకు పెట్టెలో పీఎఫ్ కాగితం, అంటే సీఎంపీఎఫ్ నంబర్ ఉన్న చీటీ దొరికితే సగం పని అయినట్టే. బొగ్గు కార్మికుల పీఎఫ్ చట్టం 1948 నాటిది, కాబట్టి ఆ తర్వాతి తరాలకు ఈ దారి పనికొస్తుంది. బాయి పేరు, హోదా, ఏ ఏళ్లలో పనిచేశారో రాసుకుని ఏరియా జీఎం ఆఫీసులో పర్సనల్ విభాగాన్ని అడగండి. పేర్లలో తేడాలుంటాయి, గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. మా తాత పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది.

నిజాం కాలం సంగతులు కావాలంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ఆ రోజుల ప్రభుత్వ కాగితాలు చాలా వరకు ఉర్దూ, పారశీకంలో ఉంటాయి, చదివే మనిషిని వెంట తీసుకెళ్లాలి. అక్కడ మామూలు కూలీ పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. హక్కులు, షేర్లు, టన్నుల లెక్కలు దొరుకుతాయి. మనుషుల సంగతి కావాలంటే ఇంట్లో ఉన్న ముసలివాళ్లను ఇవాళే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. నేను తాతను రికార్డ్ చేసింది పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు ఫ్యాన్ చప్పుడే.

ఇంట్లో పాత ఇత్తడి బిళ్ల దొరికింది. ఏం చేయాలి?

పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి, పాత సామాన్లవాడికి అసలే వేయకండి. దాని మీద నంబర్ ఉంటుంది, లాంప్ రూమ్‌లో ఆ నంబరే మనిషి. మెరవాలని చింతపండు పెట్టి తోమొద్దు, అసలే అరిగి ఉంటుంది, అంకెలు పోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఫొటో తీయండి, అప్పుడు గీతలు కనిపిస్తాయి. మా తాతది 417. చివరి అంకె 7 అవునో 1 అవునో అని నాలుగు రోజులు చూశాం, చివరికి నానమ్మే చెప్పింది, చూడకుండానే.